ఏటా కొత్త చొక్కా: ఫ్లూకి ఒక్క టీకా సాధ్యమేనా?

మన క్లబ్ మ్యాగజైన్‌లో ఎక్కువగా కవితలు, కథలు వస్తుంటాయి. నాకు కవిత్వం రాదు. సీఎస్ఈ సెకండియర్. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి నా తెలుగు ఎంత గొప్పదో మీకు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఈ వ్యాసం తెలుగులోనే రాస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను తెలుగులో అడిగారు, నేను తెలుగులో జవాబు చెప్పలేకపోయాను.

పోయిన సంక్రాంతికి హాస్టల్ నుంచి తెనాలి వెళ్లాను. అప్పటికే మా ఫ్లోర్‌లో సగం మందికి దగ్గు, జ్వరం. నాకూ రెండ్రోజులు ఒళ్లు నొప్పులు వచ్చాయి, పారాసిటమాల్ వేసుకుని బస్సెక్కేశాను. భోగి నాటికి నేను లేచి తిరుగుతున్నాను. కనుమ నాటికి తాతయ్య మంచమెక్కారు. ఆయనకి 74 ఏళ్లు. జ్వరం కాస్తా న్యుమోనియాలోకి దిగింది. పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా ఎ అని తేలింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. నా వల్లే వచ్చిందని ఇంట్లో ఎవ్వరూ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

డిశ్చార్జ్ రోజు డాక్టర్ గారు "కాస్త కోలుకున్నాక ఫ్లూ టీకా వేయించండి, ప్రతి ఏడాదీ మర్చిపోకుండా" అన్నారు. ఆటోలో ఇంటికి వస్తూ తాతయ్య అడిగారు: "ఏమే అమ్మడూ, మశూచికి చిన్నప్పుడు పొడిచారు. ఇదుగో, మచ్చ ఇంకా ఉంది. మళ్లీ దాని గొడవే లేదు. దీనికి ఏటేటా ఏంటి? ఇది టీకానా, ఫోన్ రీఛార్జా?"

"వైరస్ మ్యుటేట్ అవుతుంది తాతయ్యా" అన్నాను.

"అంటే?"

అక్కడే ఆగిపోయాను. ఆ "అంటే?"కి జవాబు వెతుక్కుంటూ వెళితే తెలిసింది, శాస్త్రవేత్తలు కూడా చాలా ఏళ్లుగా ఇదే ప్రశ్న వెనకాల తిరుగుతున్నారని. ఏటా కాకుండా, ఏ రకం ఫ్లూ వచ్చినా ఆపగలిగే ఒకే టీకా తయారు చేయొచ్చా? దాన్నే యూనివర్సల్ ఫ్లూ వ్యాక్సిన్ అంటున్నారు. నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

మూడున్నర కేబీ కూడా లేని ఫైల్

ముందు వైరస్ గురించి. ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ మొత్తం జన్యు సమాచారం 8 ఆర్‌ఎన్‌ఏ ముక్కల మీద ఉంటుంది. అన్నీ కలిపితే సుమారు 13,500 అక్షరాలు. ఒక్కో అక్షరం నాలుగింటిలో ఏదో ఒకటి కాబట్టి రెండు బిట్లు చాలు. లెక్కేసుకోండి: 27,000 బిట్లు, అంటే మూడున్నర కేబీ కూడా లేదు. మన మ్యాగజైన్ కవర్ ఫొటో దీనికి వందల రెట్లు పెద్దది. ఇంత చిన్న ఫైలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, ఏటా 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది ప్రాణాలు తీస్తోంది. అందులో ఎక్కువ భాగం మా తాతయ్య లాంటి పెద్దవాళ్లు.

ఈ ఫైలుకి పెద్ద లోపం ఒకటుంది. కాపీ చేసేటప్పుడు తప్పులు దిద్దే ఏర్పాటు లేదు. మన కణాలు డీఎన్‌ఏ కాపీ చేసుకునేటప్పుడు సరిచూసుకుంటాయి. ఫ్లూ వైరస్ సరిచూసుకోదు. దాదాపు ప్రతి కాపీలో ఒకటో రెండో అక్షరాలు తప్పుతాయి. చాలా తప్పులు దానికే నష్టం, ఆ కాపీ పనికిరాకుండా పోతుంది. కానీ కోట్ల కాపీల్లో ఏదో ఒకటి మన శరీరం గుర్తుపట్టలేని రూపంలో తయారవుతుంది. అది బతికిపోతుంది. ఇలా మెల్లమెల్లగా రూపం జరిగిపోవడాన్ని డ్రిఫ్ట్ అంటారు.

ఇంకో ప్రమాదం షిఫ్ట్. ఒకే కణంలోకి రెండు రకాల ఫ్లూ వైరస్‌లు దూరితే, 8 ముక్కలూ పేకముక్కల్లా కలిసిపోయి కొత్త జట్టు తయారవుతుంది. 2009లో వచ్చిన హెచ్1ఎన్1 అలాంటిదే. అందులో పందుల, పక్షుల, మనుషుల ఫ్లూల నుంచి వచ్చిన జన్యువులు కలగలిసి ఉన్నాయి. అన్నట్టు, ఆ వైరస్ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాద్‌లోనే, 2009 మే నెలలో, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో.

తల, కాండం

హెచ్, ఎన్ అంటే ఏంటో కూడా చూద్దాం. వైరస్ పైపొర మీద రెండు రకాల ప్రోటీన్లు ముళ్లలా పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకటి హిమాగ్లుటినిన్, అదే హెచ్. రెండోది న్యూరామినిడేజ్, అదే ఎన్. హెచ్ లోపలికి వెళ్లే తాళంచెవి అనుకుంటే, ఎన్ బయటికి వచ్చే కత్తెర. కొత్త వైరస్‌లు కణానికి అతుక్కుపోకుండా కత్తిరించి వదిలేది అదే. ఇన్‌ఫ్లుయెంజా ఎలో హెచ్ కనీసం 18 రకాలు, ఎన్ 11 రకాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నీటి పక్షుల్లో ఉంటాయి. ప్రస్తుతం మనుషుల్లో ఏటా తిరిగేవి హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, వాటితో పాటు ఇన్‌ఫ్లుయెంజా బి.

ఇప్పుడు హెచ్ ఒక్కదాన్నే దగ్గరగా చూడండి. అది పుట్టగొడుగులా ఉంటుంది. పైన తల, కింద కాండం. తల పని మన గొంతులోని కణాల మీదుండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెరని పట్టుకోవడం. పట్టుకోగానే కణం వైరస్‌ని ఒక బుడగలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. బుడగలో ఆమ్లత్వం పెరుగుతుంది. అప్పుడు కాండం నొక్కిపెట్టిన స్ప్రింగులా విచ్చుకుని, వైరస్ పొరని బుడగ పొరతో కలిపేస్తుంది. జన్యువులు కణంలోకి జారిపోతాయి.

మన శరీరం తయారుచేసే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం తలనే పట్టుకుంటాయి. ఎందుకంటే తల పైన ఉంది, పెద్దగా కనిపిస్తుంది. కాండం ముళ్ల గుంపులో కింద దాక్కుని ఉంటుంది. కానీ తలలోని చాలా భాగం ఎన్ని మార్పులు జరిగినా పని చేస్తూనే ఉంటుంది. కాండం అలా కాదు. అది స్ప్రింగు యంత్రం, ఒక్క భాగం తేడా వస్తే మొత్తం పాడైపోవచ్చు. అందుకే అది రకం నుంచి రకానికి పెద్దగా మారదు.

అంటే మన శరీరం పొరపాటున మారేదాన్నే చూసి గుర్తు పెట్టుకుంటోంది. మెషిన్ లెర్నింగ్ చదివినవాళ్లకి ఇది ఓవర్‌ఫిట్టింగ్ లాగే అనిపిస్తుంది. ట్రైనింగ్ డేటాలో నూటికి నూరు, కొత్త డేటా వస్తే సున్నా.

ఫిబ్రవరిలో పందెం

ఏటా టీకా ఎందుకో ఇప్పుడు చెప్పొచ్చు. ప్రపంచమంతా ఉన్న ప్రయోగశాలలు ఏడాది పొడుగునా ఫ్లూ నమూనాలు సేకరిస్తాయి. మన పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ కూడా అందులో భాగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఉత్తరార్ధగోళం కోసం ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళం కోసం సెప్టెంబరులో కూర్చుని, రాబోయే సీజన్‌లో ఏ రూపం తిరుగుతుందో అంచనా వేస్తారు. తయారీకి ఆరు నెలలు పడుతుంది. చాలా టీకాల కోసం వైరస్‌ని ఇప్పటికీ కోడిగుడ్లలోనే పెంచుతారు. ఆ ఆరు నెలలూ వైరస్ ఖాళీగా కూర్చోదు కదా!

అంచనా కుదిరిన ఏడాది టీకా 40 నుంచి 60 శాతం వరకు పనిచేస్తుంది. 2014-15 సీజన్‌లో అమెరికాలో అంచనా తప్పింది. టీకాకి ఎంచుకున్న హెచ్3ఎన్2 ఒకటి, నిజంగా తిరిగింది ఇంకొకటి. ఆ ఏడాది టీకా పనితనం 19 శాతమే అని తేలింది.

దీన్ని తట్టు వ్యాధితో పోల్చండి. తట్టు కూడా ఆర్‌ఎన్‌ఏ వైరస్సే, దాని కాపీల్లోనూ తప్పులు జరుగుతాయి. కానీ 1954లో సేకరించిన వైరస్ నుంచి తయారైన టీకాయే ఈ రోజుకీ పనిచేస్తోంది. దాని పైపొర ప్రోటీన్లు మార్పుని తట్టుకోలేవు. కాబట్టి తాతయ్య అడిగింది అమాయకపు ప్రశ్న కాదు. కొన్ని వైరస్‌లకి ఒక్కసారి టీకా చాలు. ఫ్లూకి మాత్రం చాలడం లేదు.

రామయ్య, సోమయ్య, భీమయ్య

మారని భాగాన్ని ఎలా కనిపెడతారు? ఇది మన సబ్జెక్టే. నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి: రామయ్య, సోమయ్య, భీమయ్య, కామయ్య. నిలువుగా చదవండి. మొదటి నిలువు వరసలో రా, సో, భీ, కా. నాలుగూ వేరు. రెండో వరసలో అన్నీ మ. మూడో వరసలో అన్నీ య్య. సమాచార సిద్ధాంతంలో షానన్ ఎంట్రోపీ గుర్తుందా? మొదటి వరస ఎంట్రోపీ 2 బిట్లు. మిగతా రెండింటిదీ సున్నా. సున్నా ఉన్నచోట మారని భాగం ఉన్నట్టు.

ఫ్లూ ప్రోటీన్లతో చేసేది కూడా ఇదే. ఎన్‌సీబీఐ సైట్‌లో ఫ్లూ జన్యు క్రమాలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. నేను కొన్ని హెచ్ ప్రోటీన్ క్రమాలు దించి, ఒకదాని కింద ఒకటి సర్ది, పైథాన్‌లో వరసవారీగా ఎంట్రోపీ గ్రాఫ్ గీశాను. పెద్ద ప్రాజెక్టేం కాదు, ఒక ఆదివారం పని. తల ఉన్న ప్రాంతమంతా గ్రాఫ్ ఎగుడుదిగుడుగా లేచింది. కాండం దగ్గరికొచ్చేసరికి, ముఖ్యంగా పొరలో గుచ్చుకునే కొస దగ్గర, దాదాపు నేలని తాకింది. పుస్తకంలో చదివిన మాట నా స్క్రీన్ మీద కనబడేసరికి నిజంగా ఒళ్లు జలదరించింది.

కాండంతో పాటు ఇంకో మూడు చోట్ల కూడా మార్పు తక్కువ. ఒకటి ఎం2, వైరస్ పొరలో ఉండే చిన్న గొట్టం. దాని బయటి కొసలో 23 అమైనో ఆమ్లాలు మాత్రమే ఉంటాయి. రెండోది ఎన్‌పీ, జన్యువులని చుట్టి ఉండే లోపలి ప్రోటీన్. మూడోది ఎం1, పొరకి లోపలి అస్తరు. ఎన్‌పీ, ఎం1 లోపల ఉంటాయి కాబట్టి యాంటీబాడీలకి అందవు. కానీ వైరస్ సోకిన కణం ఆ ప్రోటీన్ల ముక్కలని తన ఉపరితలం మీద పెట్టి చూపిస్తుంది. అది చూసి టీ కణాలు ఆ కణాన్ని చంపేస్తాయి. అంటే ఇన్ఫెక్షన్ రాకుండా ఆపలేకపోయినా, ముదరకుండా ఆపుతాయి.

తాతయ్య చెప్పిన జేబుదొంగ

ఫోన్లో తాతయ్యకి ఇదంతా చెప్పడానికి తంటాలు పడుతుంటే ఆయనే మధ్యలో ఆపేశారు. మా తాతయ్య 31 ఏళ్లు ఆర్టీసీ కండక్టర్.

"మా బస్సులో జేబుదొంగలు ఎక్కేవాళ్లు. కొత్త కండక్టర్లు చొక్కా చూసి గుర్తు పెట్టుకునేవాళ్లు. వాడు మర్నాడు వేరే చొక్కా వేసుకొచ్చేవాడు. పాతవాళ్లం నడక చూసేవాళ్లం. రద్దీలో భుజం ఎలా ఆనిస్తాడో చూసేవాళ్లం. చొక్కా మార్చగలడు గానీ పని చేసే పద్ధతి మార్చుకోలేడు కదమ్మా. మారిస్తే జేబు కొట్టలేడు."

నేను మూడు వారాలు చదివింది ఆయన మూడు వాక్యాల్లో చెప్పేశారు. తల చొక్కా, కాండం నడక.

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "అయితే ఒకటి. వాడి నడక ఎవడూ పట్టించుకోనంత కాలం వాడెందుకు మారుస్తాడు? పట్టుకోవడం మొదలెట్టాక కూడా మారలేదంటే, అప్పుడు నమ్ము."

ఈ మాటకి నేను నోరు తెరిచాను. ఎందుకంటే ఈ రంగంలో అసలు చిక్కు అదే. ఒక భాగం మారకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. మారలేక మారకపోవడం ఒకటి. దాని మీద ఎవరూ ఒత్తిడి పెట్టలేదు కాబట్టి మారాల్సిన అవసరం రాకపోవడం రెండోది. నా ఎంట్రోపీ గ్రాఫ్‌లో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండూ సున్నాయే.

దీనికి చరిత్రలో ఉదాహరణ ఉంది. అమాంటడీన్ అనే పాత ఫ్లూ మందు ఎం2 గొట్టాన్ని మూసేది. ఎం2 పెద్దగా మారని ప్రోటీనే. కానీ మందు వాడకం పెరిగాక 31వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారిన వైరస్‌లు ప్రపంచమంతా పరుచుకున్నాయి. ఆ మందు ఇప్పుడు ఫ్లూకి పనికిరాదు. ఒత్తిడి వచ్చేదాకా మారలేదు, వచ్చాక మారింది.

అందుకే ఇప్పుడు గ్రాఫ్ గీసి ఊరుకోరు. ప్రయోగశాలలో హెచ్ ప్రోటీన్‌లోని ప్రతి స్థానంలో సాధ్యమైన మార్పులన్నీ చేసి, ఏ మార్పుతో వైరస్ బతుకుతుందో చూస్తారు. అమెరికాలో జెస్సీ బ్లూమ్ బృందం చేసిన ఇలాంటి పనిలో, తల మార్పులని బాగా తట్టుకుంటుందని, కాండం అంతగా తట్టుకోదని తేలింది. కానీ 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం ఒక హెచ్చరిక చేసింది. హెచ్1 కాండం యాంటీబాడీల నుంచి తప్పించుకోవడం కష్టం, హెచ్3 కాండం మాత్రం కాస్త తేలిగ్గానే తప్పించుకోగలదు అని. అంటే ఒక్క గుర్తు మీదే ఆధారపడకూడదు.

ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు?

ఎం2 నుంచి మొదలుపెడదాం. బెల్జియంలోని ఘెంట్‌లో వాల్టర్ ఫియర్స్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. 1976లో ప్రపంచంలోనే మొదటిసారి ఒక జీనోమ్ మొత్తాన్ని అక్షరం అక్షరం చదివింది ఆయన బృందమే. ఎంఎస్2 అనే వైరస్, 3,569 అక్షరాలు. అదే ఫియర్స్ బృందం 1999లో ఎం2 బయటి కొసని హెపటైటిస్ బి వైరస్ ప్రోటీన్ మీద అతికించి ఎలుకలకి ఇస్తే, అవి ఫ్లూ నుంచి రక్షణ పొందాయి. మంచి మొదలే. కానీ ఈ యాంటీబాడీలు వైరస్‌ని కణంలోకి పోకుండా ఆపలేవు. సోకిన కణాలని గుర్తుపట్టి చంపించడంలో మాత్రమే సాయపడతాయి.

తర్వాత మారని ముక్కల కూర్పు. ఇజ్రాయెల్‌కి చెందిన బయాండ్‌వాక్స్ అనే కంపెనీ హెచ్, ఎన్‌పీ, ఎం1ల నుంచి తొమ్మిది ముక్కలు తీసి ఒకే ప్రోటీన్‌గా కుట్టింది. తూర్పు యూరప్‌లో 12 వేల మందికి పైగా మనుషుల మీద మూడో దశ పరీక్ష జరిగింది. 2020 అక్టోబరులో ఫలితం వచ్చింది: టీకా వేసుకున్నవాళ్లకీ, ఉత్తి ఇంజక్షన్ వేసుకున్నవాళ్లకీ ఫ్లూ రావడంలో తేడా లేదు. అన్నేళ్ల పని ఒక్క ప్రకటనతో ముగిసింది. ఇది చదివిన రోజు నాకు చాలా బాధేసింది. మన కోడ్ అన్ని టెస్ట్ కేసులూ పాసై ప్రొడక్షన్‌లో పడిపోతేనే ఎంత బాధగా ఉంటుంది!

కాండం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1993లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో సీ179 అనే యాంటీబాడీని కనిపెట్టారు. అది హెచ్1నీ, హెచ్2నీ రెండింటినీ ఆపింది. అప్పటి నమ్మకం ప్రకారం అలా జరగకూడదు. చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2009లో మనుషుల నుంచి తీసిన ఇలాంటి యాంటీబాడీలు కాండాన్ని ఎలా పట్టుకుంటాయో స్ఫటిక చిత్రాలతో సహా తెలిసింది. అప్పట్నుంచి పరుగు మొదలైంది.

2015లో రెండు బృందాలు తల తీసేసి కాండం ఒక్కటే నిలబెట్టాయి. చెప్పినంత తేలిక కాదిది. తల తీస్తే కాండం విరిగిన గొడుగులా విచ్చుకుపోతుంది. అక్కడక్కడా అమైనో ఆమ్లాలు మార్చి బిగించాల్సొచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల బృందం ఆ కాండాలని ఫెర్రిటిన్ అనే ప్రోటీన్ బంతి మీద, బంతికి ఎనిమిది చొప్పున, నాటింది. హెచ్1 కాండం టీకా వేసిన ఎలుకలు, ఫెరెట్లు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూని తట్టుకున్నాయి. 2023లో వచ్చిన మొదటి దశ ఫలితాల్లో, మనుషుల్లోనూ ఈ టీకా సురక్షితంగా ఉందని, కాండాన్ని పట్టుకునే యాంటీబాడీలు ఏడాదికి పైగా నిలిచాయని తెలిసింది. కానీ యాంటీబాడీలు ఉండటం వేరు, జబ్బు రాకుండా ఆగడం వేరు. రెండోది పెద్ద పరీక్షల్లో తేలాలి.

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ బృందానిది ఇంకో తెలివి. కాండం హెచ్1దే ఉంచి, తల మాత్రం మనుషులెప్పుడూ చూడని పక్షుల ఫ్లూది పెట్టారు. మొదటి డోసులో ఒక తల, రెండో డోసులో ఇంకో తల. తల ప్రతిసారీ కొత్తది కాబట్టి శరీరానికి తెలిసినట్టు అనిపించేది కాండమే. తాతయ్య భాషలో చెప్పాలంటే, ఒకే మనిషిని వేర్వేరు చొక్కాల్లో చూపించి నడక నేర్పించడం.

మన సీఎస్ఈ వాళ్లకి నచ్చేది కోబ్రా. టెడ్ రాస్ బృందం చేసింది. రామయ్య, సోమయ్యల పట్టికే అనుకోండి. ఎన్నో వైరస్‌ల క్రమాలు సర్ది, గుంపు గుంపుకీ ఉమ్మడి క్రమం తీసి, ఆ ఉమ్మడి క్రమాలకి మళ్లీ ఉమ్మడి క్రమం తీస్తారు. చివరికి వచ్చే ప్రోటీన్ ప్రకృతిలో ఎక్కడా లేదు, కానీ అందరి పోలికా అందులో ఉంటుంది.

2022లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. మారని భాగం కోసం వెతకడం ఎందుకు, ఉన్న 20 రకాల హెచ్‌లనీ ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలో పెట్టేద్దాం అని. ఎలుకల్లో, ఫెరెట్లలో బాగానే పనిచేసింది. జబ్బు రాకుండా పూర్తిగా ఆపకపోయినా, టీకాలో లేని రూపాల నుంచి కూడా ప్రాణాలు కాపాడింది.

ఒకే ఇంట్లో మూడు జ్ఞాపకాలు

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది వైరస్ గురించి కాదు, మన గురించి. చిన్నప్పుడు మొదట సోకిన ఫ్లూ మన శరీరంలో చెరగని ముద్ర వేస్తుంది. తర్వాత ఏ ఫ్లూ వచ్చినా శరీరం ఆ మొదటిదాన్నే తలుచుకుంటుంది. 1960లో థామస్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్త దీనికి తొలి ప్రతిజనక పాపం అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

1918 నుంచి 1957 దాకా మనుషుల్లో తిరిగిన ఫ్లూ ఎ హెచ్1. తర్వాత 1968 దాకా హెచ్2. ఆ తర్వాత హెచ్3. 1977లో హెచ్1 తిరిగొచ్చింది. కాండం పోలికని బట్టి హెచ్1, హెచ్2, బర్డ్ ఫ్లూ హెచ్5 ఒక గుంపు. హెచ్3, ఇంకో బర్డ్ ఫ్లూ హెచ్7 రెండో గుంపు. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం పుట్టిన సంవత్సరాలు చూసింది. 1968కి ముందు పుట్టినవాళ్లకి హెచ్5ఎన్1 తీవ్రంగా రావడం తక్కువ. తర్వాత పుట్టినవాళ్లకి హెచ్7ఎన్9 తీవ్రంగా రావడం తక్కువ. వాళ్లు బర్డ్ ఫ్లూని ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు చూసిన ఫ్లూకీ దీనికీ కలిసేది ముఖ్యంగా మారని భాగాలే. అంటే టీకా తయారు చేయాలనుకుంటున్నది ప్రకృతి కొంతవరకు ఇప్పటికే చేసి చూపించింది. ఇది సాధ్యమేననే నమ్మకం నాకు ఇక్కడే వచ్చింది.

మా ఇంట్లో చూడండి. తాతయ్య 1951లో పుట్టారు, కాబట్టి ఆయన శరీరం మొదట నేర్చుకున్నది బహుశా హెచ్1. నాన్న 1973, కాబట్టి హెచ్3. నేను 2006, రెండింటిలో ఏదైనా కావొచ్చు. ఒకే ఇల్లు, ఒకే వైరస్, మూడు వేర్వేరు జ్ఞాపకాలు. అందరికీ పనిచేయాల్సిన టీకా ఈ ముగ్గురి పాత జ్ఞాపకాలతోనూ సర్దుకుపోవాలి. పసిపిల్లలకి మొదటి ఫ్లూ సోకకముందే ఇస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచిస్తున్నారు.

మరి ఎప్పుడొస్తుంది?

ఇంతవరకు యూనివర్సల్ ఫ్లూ టీకా ఏదీ అనుమతి పొందలేదు. అమెరికా అంటువ్యాధుల సంస్థ 2018లో పెట్టుకున్న లక్ష్యం ఇదీ: కనీసం 75 శాతం రక్షణ, రెండు గుంపుల ఫ్లూ ఎ మీదా పనిచేయాలి, కనీసం ఏడాది నిలవాలి, అన్ని వయసులవాళ్లకీ పనికిరావాలి. జీవితాంతం ఒక్కసారి అని వాళ్లు కూడా అనలేదు. నాకనిపించేది, చివరికి గెలిచేది ఒక్క భాగాన్ని నమ్ముకున్న టీకా కాదు. కాండానికి యాంటీబాడీలు, ఎన్‌పీకి టీ కణాలు, ఇలా రెండు మూడు గుర్తులు కలిపిందే. నడక మార్చినా భుజం పట్టిచ్చేలా.

ఈలోగా ఉన్న టీకా 40 శాతమే పనిచేసినా, వేయించుకోకపోతే సున్నా. ఇది నేను సంక్రాంతికి ముందు తెలుసుకుని ఉండాల్సింది. నాకొచ్చింది రెండు రోజుల జ్వరమే, కానీ అది నాతో ఆగలేదు. ఇంట్లో పెద్దవాళ్లు, ఉబ్బసం, షుగర్ ఉన్నవాళ్లు ఉంటే డాక్టర్‌ని ఒక్కసారి అడగండి. హాస్టల్లో జ్వరమొస్తే తగ్గేదాకా ఆగి, మాస్క్ పెట్టుకుని ఇంటికెళ్లండి.

మొన్న సెలవల్లో తాతయ్యా, నేనూ కలిసి వెళ్లి టీకా వేయించుకున్నాం. నర్సు ఆయన ఎడమ చేతికి, పాత మశూచి మచ్చకి కాస్త పైన వేసింది. దూది ఒత్తిపట్టుకుని చెయ్యి చూసుకుంటూ తాతయ్య అన్నారు:

"ఇది పర్మినెంట్ పాసు. ఇది సీజన్ టికెట్టు. అంతేగా?"

అంతే తాతయ్యా. పెద్ద పాసు వచ్చేదాకా ఇదే.